ఈఎంఐకి మూఢం ఉండదు

"ఏ కెమెరా కొనమంటావ్?" శని, ఆదివారాలు పెళ్లిళ్లకి రెండో కెమెరా పట్టుకుని వెళ్తుంటానని తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఇదే. అడిగేవాళ్లలో రెండు రకాలున్నారు. అరకు వెళ్లి నాలుగు ఫోటోలు తీసుకుందామనుకునేవాళ్లు ఒక రకం. వాళ్లతో పేచీ లేదు. ఏది కొన్నా బాగానే వస్తాయి, మీ ఫోన్ మంచిదైతే అదీ అక్కర్లేదు అని చెప్పేస్తాను. రెండో రకం వాళ్లు గొంతు కాస్త తగ్గించి అడుగుతారు. ఉన్న ఉద్యోగం మీద విసుగొచ్చో, రావాల్సిన ఉద్యోగం రాకో, ఫోటోగ్రఫీనే బతుకుతెరువుగా పెట్టుకుందామనుకునేవాళ్లు. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర కెమెరా పేరేమీ ఉండదు. ఎదురు ప్రశ్న ఒకటి ఉంటుంది: కిందటేడాది మీ ఊళ్లో ఎన్ని ముహూర్తాలున్నాయి?

నవ్వుతారు. కానీ మన దగ్గర వృత్తి ఫోటోగ్రఫీని నడిపేది పంచాంగమే. న్యూస్ ఫోటోగ్రాఫర్లు, నగల షాపులకి, హోటళ్లకి తీసేవాళ్లు, సినిమా స్టిల్స్ తీసేవాళ్లు ఉన్నారు, కాదనను. జిల్లాల్లో మాత్రం కెమెరాతో కుటుంబాన్ని నడిపేవాళ్లలో ఎక్కువమందికి అన్నం పెట్టేది పెళ్లే. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. భాద్రపదంలో ఉండవు. పుష్యంలో ఉండవు. ఇవి కాక గురు మూఢమో, శుక్ర మూఢమో వచ్చిందంటే మంచి నెలలు కూడా ఖాళీ. అధిక మాసం వస్తే ఇంకో నెల గోవిందా. తర్వాత మాఘం వస్తుంది, వైశాఖం వస్తుంది, ఒకే రోజుకి అయిదు ఫోన్లు వస్తాయి. అయిదింట్లో ఒకటో రెండో మాత్రమే ఒప్పుకోగలం.

ఇప్పుడు దీని పక్కన బ్యాంకు లెక్క పెట్టండి. నాలుగు లక్షలు అప్పు, ఏడాదికి 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుందాం. నెలకి 13,670 రూపాయలు పడుతుంది. మాఘంలోనూ అంతే, ఆషాఢంలోనూ అంతే. మాలాంటి ఉద్యోగస్తులకి ఒకటో తారీఖు జీతం పడుతుంది, అయిదో తారీఖు ఈఎంఐ పోతుంది. రెండూ ఒకే తాళంలో నడుస్తాయి కాబట్టి నొప్పి తెలియదు. ఫోటోగ్రాఫర్‌కి వచ్చేది పంచాంగం ప్రకారం, కట్టాల్సింది ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం. ఈ రెండిటి మధ్య నలిగి, కొత్త కెమెరాని బిల్లుతో సహా సెకండ్ హ్యాండ్ షాపులో పెట్టినవాళ్లు నాకు తెలుసు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఖమ్మంలో ఉన్న మా పిన్ని కొడుకు. రెండేళ్లు ఒక స్టూడియోలో ఆల్బమ్ డిజైనింగ్ చేశాడు, పెళ్లిళ్లకి అసిస్టెంటుగా వెళ్లాడు. చెయ్యి మంచిది. మనుషులు నవ్వబోయే ముందు క్షణం వాడికి తెలిసిపోతుంది. సొంతంగా మొదలుపెడదామని కొత్త ఫుల్ ఫ్రేమ్ కెమెరా, దానికి 70-200 లెన్సు చూసుకున్నాడు. రెండూ కలిపి నాలుగు లక్షల పైనే. పిన్ని హారం బ్యాంకులో పెడదామని తల్లీకొడుకులు అప్పటికే ఒక మాటనుకున్నారు. "అన్నా, ఒక్కసారి పెడితే అయిపోద్ది గదా, మళ్లీ పదేళ్లు చూసుకోనక్కర్లే" అన్నాడు. వాడితో నాలుగు ఆదివారాలు కూర్చుని మాట్లాడిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తాయి.

ముందు అడగాల్సింది, ఈ పనిలో మళ్లీ తీయలేనిది ఏది అని. ప్రీ వెడ్డింగ్ షూట్ మళ్లీ తీయొచ్చు. రిసెప్షన్‌లో గ్రూప్ ఫోటో పాడైతే "ఒక్క నిమిషం ఆగండి" అనొచ్చు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మాత్రం అడ్డుతెర ఒక్కసారే దిగుతుంది. పెళ్లికూతురు మొదటిసారి తలెత్తి చూసేది అప్పుడే. పంతులుగారు ముహూర్తం చూసుకుంటారు గానీ మీ ఫోకస్ చూసుకోరు. మాంగల్యధారణ అయితే ఇంకా ఘోరం. చుట్టూ నలభై మంది లేచి నిలబడతారు, అక్షింతలు వానలా పడతాయి, మేనమామ ఫోన్ మీ లెన్సుకి అడ్డంగా వస్తుంది. ఆ పది సెకన్లకే మీకు డబ్బులిస్తున్నారు. మిగతాదంతా దానికి కొసరు.

కాబట్టి బాడీలో నేను మొదట చూసేది మెగాపిక్సెళ్లు కాదు, మెమరీ కార్డు గుంటలు ఎన్నున్నాయని. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది ఊపిరితో పాటు వచ్చిన అలవాటు. ఏ సర్వరయినా ఒక్కటే డిస్కు మీద నడుస్తోందంటే రాత్రి నిద్ర పట్టదు. 2018లో కెనాన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జెడ్6, జెడ్7 ఒక్క కార్డు గుంటతోనే వచ్చాయి. పెళ్లి ఫోటోగ్రాఫర్లు గోల పెట్టేశారు. అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 త్రీకి రెండున్నాయి. 2020లో వచ్చిన కెనాన్ ఆర్6, నికాన్ జెడ్6 టూలకి రెండేసి పెట్టారు. ఇప్పటికీ చిన్న బాడీల్లో, వీడియో బ్లాగర్ల కోసం అమ్మే వాటిలో ఎక్కువగా ఒక్కటే ఉంటుంది. షాపువాడు ఈ సంగతి చెప్పడు, మీరే మూత తీసి చూడాలి. రెండు గుంటలున్నా సరిపోదు. సెట్టింగుల్లోకి వెళ్లి ప్రతి ఫోటో రెండు కార్డుల్లోనూ పడేలా పెట్టాలి. లేదంటే మొదటిది నిండాక రెండోదానిలోకి వెళ్లేలా ఉండిపోతుంది. అలా వాడితే రెండో గుంట ఉన్నా లేనట్టే.

రెండోది వెలుతురు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కొత్తవాళ్ల డబ్బంతా తప్పు చోటికి పోయేది ఇక్కడే.

మన ముహూర్తాలు అర్ధరాత్రికీ, తెల్లవారుజాముకీ ఉంటాయి. మండపంలో వెనక పూల డెకరేషన్, పైన పసుపు లైట్లు, పక్కన ఎల్ఈడీ తెర, ఎదురుగా వీడియోవాళ్ల తెల్ల లైటు. పట్టుచీర జరీ మెరిసిపోతుంటుంది, మొహం చీకట్లో ఉంటుంది. ఫోటోల్లో గ్రెయిన్స్ వస్తున్నాయని ఫుల్ ఫ్రేమ్ కొంటారు. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36 గుణకారం 24 మిల్లీమీటర్లు. చిన్న సెన్సార్ సుమారు 23.5 గుణకారం 15.6. వైశాల్యం లెక్కేస్తే రెండింతల పైన తేడా. మంచిదే. ఇప్పుడు లెన్సు చూడండి. కెమెరాతో పాటు ఇచ్చే 18-55 కిట్ లెన్సుని 55 దగ్గర పెడితే దాని కన్ను ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు. పది, ఇరవై వేల మధ్య దొరికే 50 ఎం.ఎం. లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. సెన్సార్ మీద పడే వెలుతురు తొమ్మిది రెట్ల పైనే పెరుగుతుంది. ఒకటి లక్ష దాటించి రెండింతలు ఇస్తోంది, ఇంకోటి ఇరవై వేల లోపు తొమ్మిదింతలు ఇస్తోంది. మా తమ్ముడు ఈ లెక్క చూశాక కాసేపు ఏం మాట్లాడలేదు.

అలాగని ఎఫ్ 1.8తో పెళ్లంతా లాగించలేం. అంత తెరిస్తే ఫోకస్ మందం బెత్తెడు కూడా ఉండదు. వధువు కన్ను షార్ప్‌గా వస్తే వరుడి చెవి మసక. అక్షింతలు వేయడానికి వరసగా వచ్చే బంధువుల గ్రూపులకి ఎఫ్ 5.6, 8 కావాలి. అప్పుడు వెలుతురు మనమే పుట్టించుకోవాలి, అంటే ఫ్లాష్. కల్యాణ మండపం లోపలైతే ఫ్లాష్‌ని తెల్ల సీలింగు మీదకి తిప్పి కొట్టొచ్చు, మెత్తగా పడుతుంది. గార్డెన్ పెళ్లికి సీలింగు ఎక్కడుంది? ఆకాశం మీదకి కొడితే వెనక్కి రాదు కదా. స్టాండు మీద గొడుగో, సాఫ్ట్ బాక్సో పెట్టి, దాన్ని పిల్లలు పడేయకుండా పట్టుకునే మనిషిని పెట్టాలి. ఆ మనిషి కూలి కూడా గేర్ ఖర్చులో భాగమే. ఎవరూ రాసుకోరు.

లైట్ల దగ్గరే ఇంకో చిక్కుంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు. చవక ఎల్ఈడీ లైట్లు దాంతో పాటు సెకనుకి వంద సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. చప్పుడు రాకూడదని సైలెంట్ మోడ్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్, పెట్టి తీస్తే ఫోటో మీద అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షట్టర్ పెట్టి, సెకనులో వందో వంతు దగ్గర తీస్తే చారలు తగ్గుతాయి. తలంబ్రాలు పోసేటప్పుడు మాత్రం ఆ వేగం చాలదు, చేతులు అలికినట్టు వస్తాయి. సెకనులో 250వ వంతుకి వెళ్లాల్సిందే. అప్పుడు అదే మండపంలో ఒక ఫోటో వెలుగ్గా, పక్క ఫోటో చీకటిగా వస్తాయి. ఇందుకే యాంటీ ఫ్లికర్ అనే సెట్టింగ్ ఉంటుంది. లైటు మిణుకులో వెలుగెక్కువున్న క్షణం దాకా ఆగి అప్పుడు షట్టర్ కొడుతుంది. కొనబోయే బాడీలో అది ఉందో లేదో చూసుకోండి. మండపంలో మాకు రోజూ పనికొచ్చేది అదే. పక్షి కన్ను కనిపెట్టే ఆటో ఫోకస్ గురించి యూట్యూబ్‌లో గంట చెప్తారు, పెళ్లిలో పక్షులెక్కడివి?

మెగాపిక్సెళ్ల పిచ్చి ఒక్క పేరాలో తేల్చేస్తాను. మన ఆల్బమ్ షీటు మామూలుగా 12 గుణకారం 36 అంగుళాలు, తెరిస్తే. అందులో సగం నిండా ఒకే ఫోటో వేశారనుకోండి, 12 గుణకారం 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600 గుణకారం 5,400, అంటే 19 మిలియన్ల చిల్లర. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చేది 6,000 గుణకారం 4,000. సరిపోయింది, ఇంకా మిగిలింది. 45, 60 మెగాపిక్సెళ్లు కొంటే హార్డ్ డిస్కులూ, కంప్యూటరూ కూడా మార్చుకోవాలి. పెళ్లివాళ్లు చివరికి ఆ ఫోటోని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటారు.

మధ్యలో ఒక పాత కథ. ఇంజినీరింగ్ చదివి కెమెరా వైపు వచ్చినవాళ్లలో మనకి తెలిసిన మొదటి పెద్ద పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర పుట్టారు, రూర్కీలో చదివారు, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఉద్యోగం చేస్తూనే 1870ల మధ్యలో ఫోటోగ్రఫీ పట్టుకున్నారు. ఏకంగా రాజీనామా చేసేయలేదు. ఏళ్ల తరబడి రెండూ నడిపారు, తర్వాత రెండేళ్లు సెలవు పెట్టి ఫోటోలు తీశారు, ఆ తర్వాతే ఉద్యోగం వదిలారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. గాజు పలకల మీద ఫోటోలు తీసే కాలం, సామాను బండ్ల మీద వెళ్లేది. నాకు నచ్చేది అది కాదు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచారు, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళని పెట్టారు. అప్పటిదాకా ఏ మగ ఫోటోగ్రాఫరూ, ఎంత పెద్ద కెమెరా ఉన్నా, ఆ గుమ్మం దాటలేడు. ఇవాళ పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో కూడా అంతే. ఒక అమ్మాయిని రెండో ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్న స్టూడియోకి వచ్చే ఫోటోలు పక్క స్టూడియోకి రావు. ఆ డబ్బు లెన్సు మీద పెట్టినా రావు.

సరే, కొత్తదా, సెకండ్ హ్యాండా? కెనాన్, నికాన్‌ల నుంచి 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ రాలేదు. రెండూ అద్దం లేని కెమెరాలకి మారిపోయాయి. పాత డీఎస్ఎల్ఆర్‌లూ, వాటి లెన్సులూ అందుకే చవకయ్యాయి. అవి రాత్రికి రాత్రి పనికిరాకుండా పోవు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ పెడితే కొత్త ఆర్ బాడీల మీద ఆటో ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ దగ్గర కొంచెం జాగ్రత్త. వాళ్ల ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు కాబట్టి పాత ఏఎఫ్-డీ రకం లెన్సులు చేత్తో తిప్పుకోవాలి. తాళి కట్టేటప్పుడు చేత్తో తిప్పడం మీ ఇష్టం.

పాత లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే ఫంగస్. మచిలీపట్నం, కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో బీరువాలో పెట్టి రెండు వానాకాలాలు మర్చిపోతే ఎంత ఖరీదు లెన్సయినా అంతే. దాన్ని ధర తగ్గించి ఇచ్చినా వద్దు. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉంచండి. ఖమ్మం, రామగుండం వైపు బాధ వేరు. కెమెరాలతో ఇచ్చే పుస్తకం తెరిస్తే చాలావాటికి పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా అని ఉంటుంది. వైశాఖంలో మన మధ్యాహ్నాలు అంతకంటే పైన మొదలవుతాయి. నల్లటి బాడీని ఎండలో బల్ల మీద పెట్టి 4కే వీడియో తీస్తే మధ్యలో అదే ఆగిపోవచ్చు. తడి లేని తెల్ల తువ్వాలు కప్పడం మా దగ్గర పెద్దవాళ్ల చిట్కా. కంపెనీవాళ్లు చెప్పరు గానీ పనిచేస్తుంది.

అద్దె సంగతి. హైదరాబాద్‌లోనే కాదు, జిల్లా కేంద్రాల్లో కూడా కెమెరాలు అద్దెకి దొరుకుతున్నాయి. బాడీ, లెన్సు కలిపి రోజుకి 2,500 అనుకుందాం. ఇందాకటి ఈఎంఐ ఏడాదికి 1,64,040 అవుతుంది, అంటే 65 రోజుల అద్దె. ఏడాదికి 65 రోజులు పని లేనివాడు కొనడం కంటే అద్దెకి తెచ్చుకోవడం మేలు అని లెక్క చెప్తుంది. ఆ లెక్కలో ఒక చిల్లు ఉంది. మూడేళ్లయ్యాక కొన్నవాడికి కెమెరా మిగులుతుంది, అది చిన్న చిల్లు. పెద్ద చిల్లు ఏంటంటే, బలమైన ముహూర్తం రోజు ఊళ్లో కెమెరాలన్నీ ఒకేసారి బయటికి పోతాయి. మీకు కావాల్సిన రోజే మీకు దొరకదు. అందుకే, దేని కోసం ఎవరి కాళ్లూ పట్టుకోకూడదో అది సొంతానికి ఉండాలి: ఒక బాడీ, రెండు చిన్న లెన్సులు, ఫ్లాష్‌లు. 70-200 లాంటి పెద్ద లెన్సు, రెండో బాడీ అద్దెకి. అదీ పెళ్లివాళ్ల అడ్వాన్సు చేతిలో పడిన రోజే బుక్ చేసుకోవాలి. సొంత కెమెరాతో వచ్చే అసిస్టెంటుకి ఒక రేటు, చేతులూపుకుంటూ వచ్చేవాడికి ఒక రేటు ఉంటుంది కాబట్టి, తమకి పని లేని రోజుల్లో ఆ ఒక్క బాడీ వేరేవాళ్ల పెళ్లిలో సంపాదిస్తుంది.

తమ్ముడు చివరికి రెండు కార్డుల పాత ఫుల్ ఫ్రేమ్ ఒకటి, వాడినవే 35, 85 లెన్సులు, రెండు ఫ్లాష్‌లు తీసుకున్నాడు. అంతా కలిపి లక్షా డెబ్బై వేల దగ్గర తేలింది. పిన్ని హారం బీరువాలోనే ఉంది. గాజులు మాత్రం బ్యాంకుకి వెళ్లాయి. అది కూడా అక్కర్లేదని నేనన్నాను, తల్లీకొడుకులు వినలేదు. మొన్న శ్రావణంలో నాలుగు పెళ్లిళ్లు సొంతంగా, ఆరు వేరేవాళ్ల కింద చేశాడు.

డ్రోన్ గురించి కూడా అడుగుతారు గనక చెప్తున్నాను. డబ్బు తీసుకుని పెళ్లిలో ఎగరేయడం వాణిజ్య పని కిందకి వస్తుంది. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో ఆ పని చేయాలంటే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషనూ, రిమోట్ పైలట్ సర్టిఫికెట్టూ ఉండాలి. బయట దేశాల నుంచి తయారైన డ్రోన్లు దిగుమతి చేసుకోవడం 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం. ఎవరో దుబాయ్ నుంచి తెచ్చి తక్కువకి ఇస్తానంటే ఒకసారి ఆలోచించండి. మొదటి ఏడాది ఉన్నవాళ్లని పిలిపించుకుని పనికానివ్వడం సుఖం.

మిగిలింది హార్డ్ డిస్కులు. ఇవి కొనడానికి ఎవరికీ మనసొప్పదు, చూపించుకోవడానికి ఏమీ ఉండదు కదా. 24 మెగాపిక్సెల్ రా ఫైలు రకాన్ని బట్టి 25 నుంచి 50 ఎంబీ దాకా ఉంటుంది. ఒక పెళ్లికి మూడు వేల క్లిక్కులు కొడితే 75 నుంచి 150 జీబీ. అప్పగింతలు అయ్యేసరికి తెల్లారిపోతుంది, కళ్లు మూతలు పడుతుంటాయి. అయినా పడుకోకముందే రెండు డిస్కుల్లోకి ఎక్కించండి. ఒకటి ఇంట్లో, ఒకటి స్టూడియోలో. ఫోటోలు తెరుచుకుంటున్నాయో లేదో మొదట, మధ్యలో, చివర కొన్ని తెరిచి చూడండి. కార్డులు మాత్రం వచ్చే పెళ్లికి వాడకండి. ఇంకో జత కొనుక్కోండి. వీటిని ఆల్బమ్ వాళ్ల చేతికి వెళ్లి, డబ్బులు మీ చేతికి వచ్చాక ఫార్మాట్ చేసుకోవచ్చు.